ఎక్స్‌రేకి దొరకని నొప్పి

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. వెనక నుంచి వచ్చిన వ్యాను ఒక్క గుద్దు గుద్దింది. బంపర్ సొట్టపోయింది, అంతే. నాలుగు మాటలు అనుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. పక్కకి చూడాలంటే మనిషంతా తిరగాల్సిందే. ఎక్స్‌రే తీసి ‘ఏమీ లేదు’ అన్నారు. ఇంట్లోవాళ్లూ అదే మాట పట్టుకున్నారు. రెండు నెలలైనా తగ్గకపోయేసరికి.. ‘ఏమీ లేనిదానికి ఇంకా ఆ మూలుగుడేంటి?’

ఈ దెబ్బని డాక్టర్లు ‘విప్‌లాష్’ అంటారు. అంటే కొరడా ఝళిపించడం. గుద్దు తగలగానే సీటు వీపుని ముందుకు నెడుతుంది. తల ఒక్క క్షణం వెనకబడి, ఆనక విసురుగా ముందుకొస్తుంది. ఆ ఊపులో మెడ కండరాలూ, ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లూ దెబ్బతింటాయి. ఎక్స్‌రే చూపించేది ఎముకల్ని. అది బాగుందంటే ఎముక విరగలేదనే గానీ, నొప్పి లేదని కాదు.

చాలామందికి మొదటి రెండు మూడు నెలల్లోనే బాగా తగ్గుతుంది. ఆ తర్వాతే నెమ్మదిస్తుంది. మెడనొప్పిపై పలు దేశాల నిపుణులు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని వడపోసి చూస్తే, ఏడాది తర్వాత కూడా సుమారు సగం మంది ఎంతో కొంత నొప్పి ఉందనే చెప్పారు. మొదట్లోనే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకీ, బెంగ పెట్టుకున్నవాళ్లకీ మరింత ఆలస్యం.

బెంగ అనగానే గుర్తొచ్చేది లిథువేనియా. అక్కడ కౌనస్ నగరంలో, వెనక నుంచి గుద్దించుకున్న కార్లలోని 202 మందిని ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత పలకరించారు. మెడనొప్పి ఉందన్నవాళ్లు 35 శాతం. అసలు ప్రమాదమే జరగని అదే ఊరివాళ్లలో 33 శాతం! 1996లో ఈ ఫలితాలు రాగానే ‘చూశారా, అంతా బీమా డబ్బు కోసమే’ అన్నారు కొందరు. తొందరపాటు మాటే. ఆ 202 మందిలో నిజంగా మెడకి దెబ్బ తగిలినవాళ్లు కొద్దిమందే. కాకపోతే, జీవితాంతం ఉండిపోతుందేమోనన్న భయం కోలుకోవడాన్ని వెనక్కి లాగుతుందని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. భయం పెరిగితే కదలిక తగ్గుతుంది, కదలకపోతే మెడ ఇంకా బిగుసుకుంటుంది.

అందుకే మెడపట్టీ విషయంలో వైద్యుల మాట మారింది. ఒకప్పుడు వారాల తరబడి పెట్టుకోమనేవారు. ఎముకలకి దెబ్బ లేదని తేలాక ఇప్పుడు రోజువారీ పనులు చేసుకోమంటున్నారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఇంట్లో రోజూ చేయాలి. ఒకరోజు బాగుండి మర్నాడు మళ్లీ నొప్పెడితే మొదటికొచ్చినట్టు కాదు, ఇది ఇలాగే ఎగుడుదిగుడుగా తగ్గుతుంది. చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, నడకలో తూలు కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్నట్టు, సీటు మీద తలకి ఆనించే హెడ్‌రెస్ట్ ఉన్నది కునుకు తీయడానికి కాదు, ఈ దెబ్బని ఆపడానికే. దాని పైఅంచు కనీసం చెవుల పైదాకా రావాలి. చాలా ఇళ్లలో అది కారు కొన్నరోజు ఎలా ఉందో అలాగే, కిందికి దిగే ఉంటుంది.