వెనక వరుసలో ఇద్దరు

కాలేజీ పిల్లలున్న తల్లులకు రాక్ సంగీతం అంటే తలుపు మూసినా ఆగని మోత. అంత మోతలో ఒక బృందం అరవై ఏళ్లు దాటి ఎలా నిలిచిందో ఇవాళ చెప్పుకుందాం. దాని పేరు రోలింగ్ స్టోన్స్.

1961లో ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషనులో మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ మళ్లీ కలుసుకున్నారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్లే. మిక్ చేతిలో అమెరికా నల్లజాతి గాయకులు చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. వాటితోనే మాటలు కలిశాయి. పత్తి పొలాల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్ల గుండెలోంచి పుట్టిన బ్లూస్ పాటలంటే ఇద్దరికీ ప్రాణం. బ్రయన్ జోన్స్ అనే కుర్రవాడు మడ్డీ వాటర్స్ పాట పేరే బృందానికి పెట్టాడు. 1962 జూలై 12న లండన్ మార్కీ క్లబ్బులో తొలి కచేరీ జరిగింది.

పేరు వచ్చింది మిక్, కీత్‌లకే. నాకు మాత్రం వెనక ఉన్న ఇద్దరి కథే ముఖ్యమనిపిస్తుంది.

ఒకరు పియానో వాయించే ఇయన్ స్టూవర్ట్. బ్రయన్ పత్రికలో ప్రకటన వేస్తే మొట్టమొదట వచ్చి చేరినవాడు. 1963లో ఆండ్రూ ఓల్డమ్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు మేనేజరుగా వచ్చి, ఆరుగురు ఎక్కువ, ఈయన వాలకం కూడా కుదరదని ఫోటోల్లోంచి తీసేశాడు. అన్యాయం కాదూ? స్టూవర్ట్ అలిగి వెళ్లిపోలేదు. వ్యాను నడిపాడు, సామాను మోశాడు, రికార్డుల్లో పియానో వాయించాడు. పెళ్లి ఫోటోలో కనిపించని పిన్నిగారే పెళ్లంతా నడిపించినట్టన్నమాట. 1985లో పోయేదాకా వాళ్లతోనే ఉన్నాడు. 1989లో అమెరికాలో బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కినప్పుడు ఆయన పేరునూ అందులో చేర్చారు.

రెండోవాడు డ్రమ్ముల చార్లీ వాట్స్. బొమ్మలు గీసే ఉద్యోగం చేసేవాడు, జాజ్ సంగీతమంటే ఇష్టం. 1963 జనవరిలో చేరాడు. మామూలుగా రాక్ బృందాల్లో అందరూ డ్రమ్మును పట్టుకుని పోతారు. ఇక్కడ తిరగబడింది. కీత్ గిటారు ముందు నడిచేది, చార్లీ దాని వెంట వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చేవాడు. మన కచేరీల్లో మృదంగం గాయకుణ్ణి కనిపెట్టుకుని ఉండదూ, అలాగే. ఆ ఊగు అక్కణ్ణుంచి వచ్చిందే. ఇంకో సంగతి, ఎడమచేత్తో డ్రమ్ము మీద గట్టి దెబ్బ వేసే క్షణాన, తాళాల మీదున్న కుడిచెయ్యి పైకెత్తేసేవాడు. దెబ్బకు చోటిచ్చేవాడన్నమాట.

కచేరీలకు ఊరూరా తిరుగుతూ, పడుకున్న ప్రతి హోటలు మంచాన్నీ కాగితం మీద గీసుకునేవాడట. 1964లో చేసుకున్న భార్యతోనే చివరిదాకా ఉన్నాడు. 1980లలో కొన్నాళ్లు మత్తుమందుల పాలై, మళ్లీ తేరుకున్నాడు.

ఈలోగా 1969లో బ్రయన్ పోయాడు. 1975లో రోనీ వుడ్ వచ్చాడు. 1980లలో మిక్, కీత్ బాహాటంగా పోట్లాడుకున్నారు. 1993లో బాస్ గిటారు బిల్ వైమన్ మానుకున్నాడు. 2003 ఏప్రిల్‌లో బెంగుళూరు, బొంబాయి కచేరీలకు వచ్చినప్పుడూ వెనక చార్లీయే. 2021 ఆగస్టు 24న, ఎనభయ్యో ఏట పోయాడు.

2023లో వచ్చిన 'హ్యాక్నీ డైమండ్స్'లో ఆయన ముందే వాయించి ఉంచిన రెండు పాటలున్నాయి. 2024లో అమెరికా అంతా తిరిగి పాడారు మిక్, కీత్, ఇద్దరూ ఎనభై ఏళ్లవాళ్లే.

మీ పిల్లల్ని 1971 నాటి 'డెడ్ ఫ్లవర్స్' పెట్టమనండి. మన చెవికి మరీ మోతగా ఉండదు. అందులో పియానో స్టూవర్ట్‌ది, డ్రమ్ము చార్లీది.