డీజిల్ వ్యాన్ కొంటున్నారా? హార్స్‌పవర్ కాదు, ఈ అంకెలు చూడండి

లోన్ తీసుకుని సరుకు రవాణా వ్యాన్ కొనేవారు షోరూమ్‌లో మొదట మైలేజీ, తర్వాత హార్స్‌పవర్ అడుగుతారు. కానీ బండి నెలనెలా కిస్తీకి సరిపడా సంపాదిస్తుందా అన్నది వేరే అంకెలు తేలుస్తాయి. 2022లో మార్కెట్లోకి వచ్చిన టాటా వింగర్ కార్గోనే ఉదాహరణగా చూద్దాం.

బండిని లాగేది టార్క్

ఇందులో ఉన్నది 2.2 లీటర్ల బీఎస్-6 డీజిల్ ఇంజిన్. పవర్ 100 హెచ్‌పీ, టార్క్ 200 న్యూటన్ మీటర్లు. టార్క్ అంటే తిప్పే బలం. ఇది 1,000 ఆర్‌పీఎం నుంచే పూర్తిగా అందుతుందన్నది కంపెనీ లెక్క. అంటే నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌ను గట్టిగా రేజ్ చేయాల్సిన పని తగ్గుతుంది. ఫోర్స్ ట్రావెలర్‌లోని 2.6 లీటర్ల ఇంజిన్ పవర్ 115 హెచ్‌పీనే. టార్క్ మాత్రం 350 న్యూటన్ మీటర్లు. పవర్‌లో తేడా కొంచెమే అయినా లాగే బలంలో తేడా చాలా ఎక్కువ.

స్థలం వేరు, బరువు వేరు

వింగర్ సరుకు గది పొడవు 3,240, వెడల్పు 1,640, ఎత్తు 1,900 మిల్లీమీటర్లు. అంటే సుమారు 10 ఘనపు మీటర్లు. మోయగలిగే బరువు 1,680 కిలోలు. కొరియర్ పార్సిళ్లు వేస్తే బరువు పరిమితి కంటే ముందే గది నిండిపోవచ్చు. 25 కిలోల బియ్యం బస్తాలైతే 67 వేసేసరికే పరిమితి వచ్చేస్తుంది. అప్పటికి గదిలో మూడో వంతు కూడా నిండదు. ఆ ఖాళీ చూసే ఇంకో ఇరవై బస్తాలు వేయాలనిపిస్తుంది.

ఓవర్‌లోడ్‌కు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం జరిమానా రూ.20,000. అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో రూ.2,000. అంతకన్నా పెద్ద ప్రమాదం బ్రేకుల దగ్గర ఉంది. బరువు పెరిగేకొద్దీ బండి ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కుతాయి. పైగా వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి. వెనక ఎక్కువ బరువు వేసి ఎత్తు ఎక్కిస్తే ముందు చక్రాల పట్టు సడలుతుంది.

సిటీలోనే తిరిగితే?

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 తప్పనిసరి అయ్యింది. ఈ డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. వీధి వీధికీ ఆగుతూ తిరిగే బండికి ఆ వేడి అందదు. ఫిల్టర్ మూసుకుపోతే బండి వర్క్‌షాపులో ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. రోజంతా తక్కువ దూరాలే తిరిగేవారు సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ వ్యాన్లతో ఖర్చు పోల్చి చూసుకోవాలి.

కొనేముందు ఒక కూడికా తీసివేతా చేయండి. ఆర్‌సీలో రాసే మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. మిగిలినదాంట్లోనే డ్రైవర్, హెల్పర్, తర్వాత బిగించే ర్యాకుల బరువూ కలుస్తాయి. వాటిని కూడి తీసేశాక మిగిలేదే కిరాయి తెచ్చే బరువు.