రోడ్డు లేచింది, అరుగు మునిగింది

పెళ్లి మాటకు సాక్ష్యం చెప్పడానికి కాశీ నుంచి స్వామి కదిలి వచ్చాడని పొన్నూరు సాక్షి భావనారాయణస్వామి స్థలపురాణం. ఆ గుడి ఊరికి పేరు తెచ్చింది. పాత ఊరి సందులను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పాత సందును పాడుచేసేది కాలం కన్నా ఎక్కువగా సిమెంటు రోడ్డే. ఉన్నది తవ్వకుండా దానిమీదే కొత్త పొర పోస్తారు, కొన్నేళ్లకు మరొకటి. మెట్లెక్కి కూర్చునే అరుగు రోడ్డుకు సమానమవుతుంది. వాన పడితే సైడుకాలువ నీళ్లు వసారాలోకి వస్తాయి. ఇంటివాళ్లు అరుగు కొట్టించి అడ్డుగోడ కట్టిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

గోడలదీ అదే గతి. గానుగ సున్నంతో కట్టిన గోడ తనలోకి చేరిన చెమ్మను బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. ఖర్చుపెట్టి మరీ గోడను చెడగొట్టుకోవడమన్నమాట!

వీధిని వీధిగా బాగుచేసిన ఉదాహరణ పుదుచ్చేరిలో ఉంది. అక్కడి కాల్వే సుబ్బరాయ చెట్టి వీధిని వాడుకలో వైశ్యాల్ వీధి అంటారు. 2003-04 ప్రాంతంలో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్, స్థానిక పాలకులు కలిసి అక్కడ సుమారు 20 ఇళ్ల ముందుభాగాలను పునరుద్ధరించారు. ఐరోపా సంఘం ఆసియా అర్బ్స్ పథకం నిధులిచ్చింది. ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్సులోని విల్నవ్ స్యుర్ లో పట్టణాలు భాగస్వాములయ్యాయి. స్తంభాల వసారాలు, పెంకుల చూరులు, అరుగులు మళ్లీ ఒక వరసలో కనిపించాయి. 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఆ వీధికి గుర్తింపు దక్కింది. బాగుచేసినవి రాజమహళ్లు కావు, మామూలు ఇళ్లు. అసలు విశేషం అదే.

మన దగ్గర డబ్బు పెద్ద పేర్ల వైపే వెళ్లింది. 2015 జనవరిలో వారసత్వ పట్టణాల కోసం కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకానికి దేశమంతటా 12 పట్టణాలను ఎంచితే, తెలుగునాట అమరావతి, వరంగల్ వచ్చాయి. 2019 మార్చితో పథకమే ముగిసింది. అయినా పొన్నూరులాంటి చోట పని మొదలుపెట్టడానికి ఢిల్లీ నిధులే రానక్కర్లేదు. స్వాగత తోరణాలు, రంగుల దీపాలు తర్వాత చూసుకోవచ్చు. మునిసిపాలిటీ ఈసారి సిమెంటు రోడ్డుకు అంచనా వేసేటప్పుడు పాత పొర తవ్వి తీయడం, కాలువ లోతు సరిచేయడం అందులో రాయించాలి. పాత సందుల్లో ఇల్లున్నవాళ్లు కూడా కాంట్రాక్టరు వచ్చిన రోజున కాకుండా, అంచనా తయారయ్యేటప్పుడే మునిసిపాలిటీకి వెళ్లి ఈ మాట అడగాలి.