ఇంజను వేడెక్కినచో

వేసవి మధ్యాహ్నమున గడివేముల నుండి నంద్యాలకు పోవు త్రోవలో పాత అంబాసిడర్ కారొకటి ఆగినదని భావింపుడు. బానెట్టు సందుల నుండి ఆవిరి బుసలు కొట్టుచున్నది. లోపలి వృద్ధురాలిని ఆసుపత్రికి చేర్చవలెను. వెంటనే రేడియేటరు మూత తీసి నీరు పోయవలెనని ఎవరికైనను తోచును. కాని ఆ తొందరయే ప్రమాదమునకు మూలము.

ఇంధనము మండగా పుట్టు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడుపును. దాదాపు మరియొక వంతు పొగతో వెలుపలికి పోవును. తక్కిన దానిలో చాల భాగమును ఇంజను చుట్టు ప్రవహించు నీరు గ్రహించి రేడియేటరునకు చేర్చును. అచ్చట గాలి తగిలి చల్లబడి, ఆ నీరు మరల ఇంజనులోనికి పోవును. ఈ ప్రవాహమునకు ఎచ్చట ఆటంకము కలిగినను ఇంజను కాగిపోవును.

మూత బిగిసియుండుటచే లోపల ఒత్తిడి పెరిగి, నీరు 100 డిగ్రీలు దాటినను మరగకుండును. మూత తీసినంతనే ఒత్తిడి తగ్గి, ఆ నీరు ఆవిరియై ముఖముపైకి ఎగజిమ్మును. కన్నులే పోవచ్చును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో పోత ఇనుప దిమ్మ పగులవచ్చును. కావున వృద్ధురాలిని వేరొక బండిలో పంపి, ఇంజను పూర్తిగా చల్లారు వరకు డ్రైవరు వేచియుండవలెను. పిదప మందపు గుడ్డతో మూతను కొద్దికొద్దిగా త్రిప్పవలెను.

తరువాత కారణమును వరుసగా వెదకవలెను. నీరు తగ్గినచో గొట్టముల అతుకులలో తడి యున్నదేమో చూడవలెను. ఫ్యాన్ బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అర అంగుళము మాత్రమే వంగవలెను. అది వదులైనచో పంకాయు, నీటి పంపును మందగించును. రేడియేటరు రేకుల నడుమ దుమ్ము చేరినచో నీటిధారతో కడుగవలెను. థర్మోస్టాటును వెలుపలికి తీసి నీటిలో వ్రేలాడదీసి కాచినచో, సుమారు 80 డిగ్రీల వద్ద తెరచుకొనవలెను, లేనిచో మార్చవలెను.

గడివేముల ప్రాంతమున సున్నపురాయి కలదు. అట్టి నేలలలోని బోరునీటి సున్నము రేడియేటరు సన్నని గొట్టములలో పేరుకొని దారి మూసివేయును. కావున స్వేదనజలముతో కూలెంటు కలిపి పోయుట మేలు. ఇంజను నూనె పాలవలె తెల్లబడినచో హెడ్ గాస్కెట్ చెడినదని అనుమానించి, బండిని నడుపక మెకానిక్కునకు చూపవలెను.

అంబాసిడర్ల నిర్మాణము 2014లో నిలిచినది. నేడు మిగిలినవన్నియు వయసు మళ్ళిన బండ్లే. కారణము వెదకక, ఆగినప్పుడెల్ల నీరు పోసి నడిపినచో హెడ్ వంకరపోవును. ఒక బెల్టుతో తీరు పని ఇంజను విప్పు వరకు వచ్చును. వేడి లక్షణము మాత్రమే. రోగము వేరొకచోట నుండును.