మీకు తెలుసా? ప్రవేశిక కోసం దేవుడి పేరు మీద ఓటింగు

భారత రాజ్యాంగం తెరవగానే మొదట కనిపించే ప్రవేశికను రాజ్యాంగ సభ అధికరణాల మీద చర్చ ముగిశాకే చేపట్టింది. లోపల ఏముందో తేలితేనే గదా, ముందుమాట దానికి సరిపోయేది!

1949 అక్టోబరు 17న ఆ చర్చ జరిగింది. ప్రవేశిక దేవుడి పేరుతో మొదలవ్వాలని సభ్యుడు హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. దేవుణ్ణి ఓటింగుకు పెట్టే పరిస్థితి తేవద్దని సభ్యురాలు పూర్ణిమా బెనర్జీ ఆయన్ను వేడుకున్నారు. మరో సభ్యుడు పట్టం థాను పిళ్ళై స్వయంగా ఆస్తికుడు. అయినా ఈ సవరణ నెగ్గితే విశ్వాసం విషయంలో బలవంతం చేసినట్టే అవుతుందని, అది ప్రాథమిక హక్కుకే దెబ్బ అని వాదించారు. నమ్మినవాడే నమ్మనివాడి హక్కు కోసం నిలబడటం, నా దృష్టిలో ఆ రోజు చర్చలో అన్నిటికన్నా గొప్ప విషయం. కామత్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఓట్లు లెక్కిస్తే అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. సవరణ వీగిపోయింది. ప్రవేశిక ప్రజల పేరుతోనే మొదలైంది. అధికారానికి మూలం వాళ్ళే.

‘లౌకిక’ అనే మాట ప్రవేశికలో చేరింది చాలా తర్వాత, 1976లో, 42వ సవరణతో.

అలాగని రాజ్యాంగంలో దేవుడి మాటే లేదనుకోవద్దు. మూడో షెడ్యూలు చూడండి: మంత్రులు, శాసనసభ్యులు దైవసాక్షిగా ప్రమాణం చేయొచ్చు, దేవుడి పేరెత్తకుండానూ చేయొచ్చు. ఏది ఎంచుకోవాలన్నది వాళ్ళ ఇష్టం.