వెన్నుపాము పొలిమేరలో ఆగిపోయే స్పర్శ

తడి ఇసుక మీద పాదం మోపుతాం. బొటనవేలి కింద రేణువులు జారిన కబురు మెదడు అడుగుదాకా చేరడానికి ఎన్ని కణాలు కావాలి? ఒక్కటి చాలు. నడుము దగ్గర, వెన్నెముక పక్కనున్న చిన్న నాడీముడిలో దాని ఒళ్లు దాగి ఉంటుంది. అక్కడి నుంచి ఒక పోగు వేలికొస దాకా దిగుతుంది. ఇంకొకటి నాడీమూలం గుండా వెన్నుపాములోకి దూరి, పైపైకి పాకి, మెదడు మొదలయ్యే చోట ఆగుతుంది. పొడుగరి మనిషిలో ఈ కణం కొస నుంచి కొసకు మీటరున్నర ఉంటుంది.

రెండు పోగులూ ఒకే కణానివి, రాతలు మాత్రం వేరు. బయటి పోగు నలిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. లోపలి పోగు నలిగినా పెరుగుతుంది, మూలం పొడవునా ఓపిగ్గా వస్తుంది. తీరా వెన్నుపాము పొలిమేర చేరాక నిలిచిపోతుంది. బయట ఉన్నంతసేపూ ష్వాన్ కణాలు దానికి చేయూతనిస్తాయి. పొలిమేర దాటితే ఆస్ట్రోసైట్లనే కణాలు, ఎదుగుదలను అణచే రసాయనాలు ఎదురవుతాయి. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ వందేళ్ల కిందటే ఈ నిలుపుదలను సూక్ష్మదర్శినిలో చూశాడు.

మోటారుసైకిల్ ప్రమాదాల్లో మెడ ఒకవైపు, భుజం ఒకవైపు లాగేసినప్పుడు చేతికి వెళ్లే నాడీమూలాలు వెన్నుపాము నుంచి ఊడిపోతాయి. చెయ్యి మొద్దుబారుతుంది. విచిత్రమేమంటే, తాకితే తెలియని ఆ చేతిలోనే మంటపెట్టే నొప్పి మాత్రం పుడుతూ ఉంటుంది.

ఈ పొలిమేరను దాటించే మందు కథ చాలా వింతైన చోట్ల తిరిగింది. ముస్సోలినీ జాతి చట్టాల వల్ల కొలువుకు దూరమైన శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చీని, ట్యూరిన్‌లో తన పడగ్గదినే ప్రయోగశాల చేసుకుని కోడిగుడ్లలోని పిండాలను పరిశీలించింది. యుద్ధం ముగిశాక అమెరికాలోని సెయింట్ లూయిస్ చేరింది. ఎలుక కణితిని పిండానికి అతికిస్తే నరాలు దానిలోకి పోటెత్తాయి. కణితి ఏదో వదులుతోందని ఆమె అనుమానం. 1952లో కణితులున్న ఎలుకలను చేతిసంచిలో పెట్టుకుని రియో డి జనీరోకు విమానమెక్కింది. అక్కడ గాజుపాత్రలో, కణితి ముక్క పక్కన పెట్టిన నాడీముడి చుట్టూ పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి. అదేమిటో తేల్చే పనిలో ఆమె సహచరుడు స్టాన్లీ కోహెన్ కేంద్రకామ్లాలను విడగొట్టడానికి పాము విషం కలిపాడు. ఎదుగుదల ఆగకపోగా ఇంకా పెరిగింది! విషంలోనూ ఆ పదార్థమే పుష్కలంగా ఉంది. పాముకు విషగ్రంథి అంటే మారిన లాలాజల గ్రంథే కదా అని మగ ఎలుక లాలాజల గ్రంథిలో వెతికితే అక్కడా దొరికింది. అదే నరాల వృద్ధి కారకం. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

2000లో లండన్ పరిశోధకులు రామర్, ప్రీస్ట్‌లీ, మెక్‌మహాన్‌లు ఎలుకల మెడ దగ్గరి నాడీమూలాలను నలిపి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి వృద్ధి కారకాలను వదిలారు. మొండికేసి ఆగే పోగులు లోపలికి నడిచాయి. అన్నీ ఒకే పిలుపుకు పలకలేదు. నొప్పిని మోసే సన్నటి పోగులకు నరాల వృద్ధి కారకం, జీడీఎన్ఎఫ్ అనేవి పనిచేశాయి. లావుపాటి పోగులకు న్యూరోట్రోఫిన్-3 అనుకూలించింది. మొద్దుబారిన ముందుకాలును ఎలుకలు మళ్లీ నొప్పికి వెనక్కి తీసుకోసాగాయి. ముందు తిరిగొచ్చింది నొప్పే అంటే జాలిపడాలో, సంతోషించాలో!

నరాల వృద్ధి కారకం స్వయంగా నొప్పిని రేపుతుంది కూడా. మనుషుల్లో పరీక్షించినప్పుడు సూది వేసిన చోట నొప్పి పుట్టింది. ఆ కారకాన్ని అడ్డుకునే ఇంజెక్షన్‌ను ఇప్పుడు కీళ్ల నొప్పులున్న కుక్కలకు వేస్తున్నారు.

పోగు లోపలికి దాటడం ఒక ఎత్తు, తన చోటు తెలుసుకోవడం ఒక ఎత్తు. సెయింట్ లూయిస్‌లోనే 1998లో కనుగొన్న ఆర్టెమిన్ అనే కారకం ఇక్కడ ఆశ్చర్యపరిచింది. కొద్దిరోజులు ఇంజెక్షన్లుగా ఇస్తే ఎలుకల్లో స్పర్శ తిరిగొచ్చి నెలల తరబడి నిలిచింది. సన్నటి పోగులు వెన్నుపాము పైపొరల్లోకి, లావువి లోతుకు, వేటి తావుకు అవి చేరాయి. అంత పాత చిరునామా వాటికి ఎలా గుర్తుందో తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

మనిషి సంగతి ఇంకా కష్టం. ఎలుకలో మూలాన్ని నలిపారు, దాని గొట్టం చెక్కుచెదరలేదు. మోటారుసైకిల్ ప్రమాదంలో మూలమే ఊడి వస్తుంది. శస్త్రవైద్యులు కొందరికి ఆ మూలాలను తిరిగి వెన్నుపాములో నాటారు. భుజం కండరాలు కొంత కదిలాయి. స్పర్శ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు.