కిలోమీటర్లు పెరిగిన కొద్దీ

తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై కుటుంబమంతా కలిసి భద్రాచలం వైపు ప్రయాణించాలంటే పెద్ద బండి సౌకర్యమే. అయితే సెకండ్‌హ్యాండ్ ఫార్చూనర్ వంటివి కొనదలచినవారు ఒకటి గ్రహించాలి: పాతబడిన కొద్దీ బండి ధర తగ్గుతుంది గాని, పోషణ ఖర్చు తగ్గదు.

సుమారు పదివేల కిలోమీటర్లకోసారి ఇంజను ఆయిలు, దాని ఫిల్టరు మార్చాలి. పొలాల మట్టిదారుల్లో తిరిగితే ఎయిర్ ఫిల్టరును ఇంకా ముందుగానే చూపించాలి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాటు దిగేటప్పుడు వేడికి ఆ నీరు ఆవిరైతే, పెడలు మెత్తగా దిగిపోయి బ్రేకు పట్టదు. అందుచేత రెండేళ్లకోసారి మార్పించండి.

లక్ష దాటిన బండికి టైమింగ్ బెల్టు ముఖ్యం. 2009లో మన దేశానికి వచ్చిన ఫార్చూనర్ 3 లీటర్ల డీజిలు ఇంజనుకు బెల్టు ఉంది. 2016 చివర వచ్చిన నమూనాకు గొలుసు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పాడవుతుంది. మార్చినట్టు పాత యజమాని రశీదు చూపలేకపోతే, మార్చలేదనే ఎంచండి.

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు రాకముందే కొత్తవి వేయించండి. కొనేనాడే ఈ ఖర్చులకు కొంత సొమ్ము విడిగా ఉంచుకొనుట మేలు.